ఇంకా 45 మ్యాచ్‌లు ఉన్నాయి కదా!

2019 జనవరి 3. అమెరికాలోని సెయింట్ లూయిస్. బయట ఎముకలు కొరికే చలి. క్యాంపస్ క్యాంటీన్‌లో ప్లేట్లు తుడుస్తూ నేను.

నా ఫోన్‌లో ఒక మెయిల్ ఉంది. రెండు వారాలుగా దాన్ని తెరుస్తున్నా, మూసేస్తున్నా. ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో నా జీపీఏ 2.6. కనీసం 3.0 ఉండాలి. వచ్చే సెమిస్టర్‌లో సరిచేసుకోకపోతే సీటు పోతుందని చాలా మర్యాదగా రాశారు. ఒంగోల్లో ఉన్న నాన్నకి మాత్రం ‘రిజల్ట్స్ ఇంకా రాలేదు నాన్నా’ అని చెబుతూ వచ్చా. ఆర్టీసీ డ్రైవర్ ఆయన. ఇల్లు తాకట్టు పెట్టి మరీ నన్ను పంపారు.

మా క్యాంటీన్ సూపర్‌వైజర్ అరవై దాటిన పెద్దాయన. రోజూ నీలం జెర్సీ వేసుకొచ్చేవాడు. అది ఊరి ఐస్ హాకీ టీమ్ సెయింట్ లూయిస్ బ్లూస్‌ది. మాట కలపడానికి అడిగా, ‘మీ టీమ్ ఎలా ఆడుతోంది?’ అని.

‘లీగ్‌లో 31 టీములుంటే మాది 31వ స్థానం’ అన్నాడు నవ్వుతూ.

‘మరి ఇంకా ఎందుకు చూస్తున్నారు?’

‘37 అయ్యాయి. ఇంకా 45 మ్యాచ్‌లు ఉన్నాయి కదా!’

ఆ మాట ఎందుకో మనసులో ఉండిపోయింది.

హాకీ అంటే మనకి ధ్యాన్‌చంద్, పచ్చటి మైదానం. ఇది వేరే. గట్టిగా గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకి స్కేట్లు కట్టుకుని ఆడతారు. బంతి బదులు పక్ అనే రబ్బరు బిళ్ల. ఆ సీజన్లో ఒక్కో టీమ్‌కి 82 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడితే 1. చివరికి 16 టీములు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అక్కడ ప్రతి రౌండ్‌లో ఏడు మ్యాచ్‌లకి నాలుగు గెలవాలి. అలా నాలుగు రౌండ్లు దాటితే స్టాన్లీ కప్.

బ్లూస్ ఆ కప్పు ఎప్పుడూ గెలవలేదు. 1967లో మొదలైన టీమ్ అది. తొలి మూడేళ్లూ ఫైనల్‌కి వెళ్లి, మూడుసార్లూ ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఓడిపోయింది. ఈ సీజన్లో నవంబరులోనే కోచ్ మైక్ యోని తీసేసి, క్రెయిగ్ బెరూబేని తాత్కాలిక కోచ్‌గా పెట్టారు. అయినా జనవరికి అట్టడుగునే.

జనవరి 7న ఫిలడెల్ఫియాలో మ్యాచ్. గోల్‌కీపర్‌గా జోర్డాన్ బిన్నింగ్టన్‌ని దింపారు. 25 ఏళ్లవాడు. 2011లోనే డ్రాఫ్ట్‌లో తీసుకున్నా, అన్నేళ్లూ ఎక్కువగా కింది లీగుల్లోనే గడిపాడు. ముందు ఏడాదైతే బోస్టన్‌కి అనుబంధంగా ఉండే టీమ్‌కి అద్దెకిచ్చినట్టు పంపేశారు. ఆ రోజు ఒక్క గోల్ కూడా వెళ్లనివ్వలేదు. బ్లూస్ 3-0తో గెలిచింది. ముందు రోజు రాత్రి అదే ఊళ్లో ఒక బార్‌లో ఆటగాళ్లు విన్న ‘గ్లోరియా’ పాట, ఆ తర్వాత ప్రతి గెలుపుకీ మోగే పాటైపోయింది.

మర్నాడు పెద్దాయన ఇదంతా చెబుతుంటే నేను వింటూ నిలబడ్డా. ఒకటి గమనించా. ఆయన టీమ్ అట్టడుగున ఉందని ఎవరికీ దాచలేదు. నేను దాస్తున్నా.

ఆ రాత్రి మా రూమ్మేట్ అక్క పట్టేసుకుంది. కరీంనగర్ ఆవిడది. ‘ఏందే, రోజూ ఆ ఫోన్ల ఏం జూస్తున్నవ్? ఏమైంది?’ అంది. చెప్పేశా. ‘ముందు మీ నాయినకు చెప్పు. తర్వాత ఏడుద్దువు’ అంది.

మాకు రాత్రి తొమ్మిది, అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. నాన్న డ్యూటీకి బయల్దేరుతున్నారు. మొత్తం చెప్పా. అబద్ధం ఆడానని కూడా చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

‘మార్కులు పోతే పోయాయిలేమ్మా. నాకు చెప్పకపోవడమే బాలేదు’ అన్నారు. తర్వాత ఆయనే, ‘బండి లేటైందని దారి మధ్యలో ఆపేస్తామా? స్టేజీలు ఇంకా ఉన్నాయిగా’ అన్నారు.

అరగంట ఏడ్చా. మర్నాడు ప్రొఫెసర్ దగ్గరికెళ్లి ‘నాకు అర్థం కావట్లేదు’ అని ఒప్పుకున్నా. అమెరికా వచ్చాక నేను చేసిన కష్టమైన పని అదే.

జనవరి చివర్లో మొదలుపెట్టి బ్లూస్ వరుసగా 11 మ్యాచ్‌లు గెలిచింది. మిగిలిన ఆ 45లో 30 గెలిచి, 99 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. విన్నిపెగ్‌ని దాటింది. డల్లాస్ మీద ఏడో మ్యాచ్‌లో, రెండో ఎక్స్‌ట్రా టైమ్‌లో, ఆ ఊళ్లోనే పెరిగిన ప్యాట్ మరూన్ గోల్ కొట్టాడు.

మే 15న సాన్ హోసేతో మూడో మ్యాచ్. ఎక్స్‌ట్రా టైమ్‌లో అవతలివాళ్లు పక్‌ని చేత్తో పాస్ చేశారు. రూల్ ప్రకారం ఆట ఆపాలి. రిఫరీలు చూడలేదు, గోల్ ఇచ్చేశారు. బ్లూస్ ఓడింది. ‘ఘోరం కదా!’ అన్నా పెద్దాయనతో. ‘ఘోరమే. ఎల్లుండి మళ్లీ మ్యాచ్ ఉంది’ అన్నాడు. తర్వాత వరుసగా మూడు గెలిచారు.

జూన్ 12న ఫైనల్ ఏడో మ్యాచ్. అదీ బోస్టన్‌లో, బోస్టన్ మీద. నేనూ అక్కా మ్యాగీ తింటూ చూశాం. మొదటి 20 నిమిషాలూ బోస్టన్ దాడే. బిన్నింగ్టన్ అన్నీ ఆపాడు. బ్లూస్ కొట్టింది నాలుగే షాట్లు, రెండు గోల్సయ్యాయి. చివరికి 4-1. 52 ఏళ్ల క్లబ్‌కి తొలి కప్పు! వీధిలో కార్ల హారన్లు తెల్లారేదాకా ఆగలేదు.

నా సంగతా? రెండో సెమిస్టర్‌లో 3.4 వచ్చింది. రెండూ కలిపితే సరిగ్గా 3.0. కప్పేం కాదు, సీటు నిలబడింది.

అట్టడుగున ఉన్నవాళ్లంతా గెలుస్తారని చెప్పను. ఆ సీజన్ ముగిసేసరికి అట్టడుగున మిగిలింది ఒట్టావా. వాళ్లూ 82 మ్యాచ్‌లూ ఆడారు, కప్పు రాలేదు. కానీ జనవరిలో పట్టిక చూసి, ఎవరు ఎక్కడ ముగుస్తారో చెప్పడం కుదరదు. మనం ఎక్కడున్నామో ఒప్పుకోవడం, మిగిలిన మ్యాచ్‌లు ఆడటం, ఈ రెండే మన చేతుల్లో ఉన్నవి.

ఇప్పటికీ నాన్న ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒకటే. ‘ఏమ్మా, బండి ఎక్కడిదాకా వచ్చింది?’

ఇప్పుడు నిజం చెబుతున్నా.