ఒకే ఫ్యాక్టరీలో పాత గిటారు, కొత్త గిటారు

ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారు 1954లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో పుట్టింది. ఇప్పుడు అదే రాష్ట్రంలోని కరోనా నగరంలో తయారవుతోంది. 1957, 1961 నాటి కొలతలతో చేసే అమెరికన్ వింటేజ్ 2 రకం, నేటి వాద్యకారుల కోసం చేసే అమెరికన్ అల్ట్రా రకం రెండూ ఇక్కడివే. పని జరిగే వరసలోనే చూస్తూ వెళ్తే రెండింటి తేడాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

కర్రలో తేడా తక్కువ. బాడీకి ఆల్డర్ లేదా యాష్, నెక్‌కు మేపుల్ వాడతారు.

అసలు మార్పంతా నెక్‌లో ఉంది. 1957 రకం నెక్ వెనక నిలువునా ముదురు రంగు వాల్‌నట్ పట్టీ కనిపిస్తుంది. తీగల లాగుడుకు నెక్ వంగిపోకుండా కాచే ఇనుప కడ్డీని వెనకనుంచి గాడిలో దించి, ఆ గాడిని ఈ పట్టీతో మూస్తారు. కడ్డీని బిగించే నట్టు పాత రకంలో బాడీ వైపు ఉంటుంది కాబట్టి, సరిచేయాలంటే మామూలుగా నెక్ విప్పాల్సిందే. కొత్త రకంలో అది తల వైపు ఉంటుంది. తీగలు తీయకుండానే సవరించవచ్చు.

పాత ఫ్రెట్‌బోర్డు వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలు, ఫ్రెట్లు 21. ఈ వంపు మీద కార్డులు పట్టడం సుఖం. కానీ పై ఫ్రెట్లలో తీగను పక్కకు బాగా లాగితే అది ముందున్న ఫ్రెట్లకు తగిలి నాదం ఆగిపోతుంది. అందుకే అల్ట్రాలో వంపు తల దగ్గర 10 అంగుళాలతో మొదలై బాడీ వైపు 14కు చదునవుతుంది; ఫ్రెట్లు 22.

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. 1956లో ఫుల్లర్టన్‌లో చేరిన అబిగైల్ యిబర్రా 2013లో విరమించేదాకా ఈ పనిలో పేరు తెచ్చుకున్నారు. పాత పికప్ స్వరంతోపాటు చుట్టుపక్కల కరెంటు రొదనూ పట్టేస్తుంది. అల్ట్రా పికప్‌లను ఆ రొద రాకుండా రూపొందించారు. పికప్‌ను ఎంచుకునే స్విచ్‌కు మొదట మూడు స్థానాలే. 1977 నుంచి ఐదు.

ట్రెమొలో వంతెన పాతదానిలో ఆరు స్క్రూల మీద, కొత్తదానిలో రెండు స్తంభాల మీద ఊగుతుంది. పాత రకానికి పలచని నైట్రోసెల్యులోజ్ లక్క, కొత్తదానికి గట్టి పాలీయురేథేన్ పూత.

కార్డులు, పాతకాలపు నాదం కోరేవారికి వింటేజ్ రకం సరిపోతుంది. తీగలు లాగుతూ సోలోలు వాయించేవారికి కొత్తదే మేలు.