మా ఇంట్లో రెసిన్ బొమ్మల కొలువు

నేను రోబో బొమ్మలు తయారుచేస్తానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "మీ బాబు కోసమా?" కాదండీ, నా కోసమే. మా వాడికి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు. నాకు నలభై మూడేళ్ళు. హాల్లో ఉన్న గాజు బీరువాలో పదకొండు రోబోలున్నాయి. అన్నీ నేను చేసినవే.

మేముండేది టోక్యోలో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో. ఈ దేశంలో పెద్ద రోబోలంటే పిల్లల వ్యవహారం మాత్రమే కాదు. మనిషి లోపల కూర్చుని నడిపే రోబోని గో నగాయ్ 1972లోనే 'మాజింగర్ జెడ్'లో చూపించాడు. 1979లో టీవీలో 'గండం' సీరియల్ వచ్చింది. మరుసటి ఏడాది నుంచి దాని ప్లాస్టిక్ కిట్లు దుకాణాల్లోకి వచ్చాయి. అప్పట్లో వాటికోసం మారాం చేసిన పిల్లలకి ఇప్పుడు యాభై దాటాయి, ఇంకా కొంటూనే ఉన్నారు. ఓడైబాలో నిలబెట్టిన గండం బొమ్మ ఎత్తు దాదాపు 20 మీటర్లు. మొదటిసారి దాని కాళ్ళ దగ్గర నిలబడి తలెత్తి చూసినప్పుడే నాకు ఈ పిచ్చి అంటుకుంది.

ప్లాస్టిక్ కిట్లు సులువు. ముక్కలు రంగులతోనే వస్తాయి, జిగురు లేకుండానే టక్కుమని అతుక్కుంటాయి. రెసిన్ కిట్ల కథ వేరు. ఎవరో ఒకరు ఓపిగ్గా నమూనా చెక్కి, దానికి సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, ఆ అచ్చులో రెసిన్ పోసి చేస్తారు. ఇళ్ళల్లో, షెడ్లలో మొదలైన పని కాబట్టి గ్యారేజ్ కిట్లు అనే పేరొచ్చింది. కొన్ని పదులసార్లు పోసేసరికి రబ్బరు అచ్చు పాడైపోతుంది. అందుకే తక్కువ తయారవుతాయి, ఖరీదూ ఎక్కువే. ఏడాదికి రెండుసార్లు చిబాలోని మకుహారి మెస్సేలో వండర్ ఫెస్టివల్ జరుగుతుంది. చేసినవాళ్ళే బల్లలు వేసుకుని అమ్ముకుంటారు. ఆ బొమ్మ హక్కులున్న కంపెనీలు సరిగ్గా ఆ ఒక్కరోజుకే అనుమతి ఇస్తాయి. అచ్చం మన ఊరి తీర్థమే, ఆ రోజు దొరికితే దొరికినట్టు.

పెట్టె తెరిస్తే రోబో కనపడదు, పాలిపోయిన రంగులో ముక్కల గుట్ట కనపడుతుంది. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి పూసిన జిడ్డు వాటికి అంటుకుని ఉంటుంది. గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ పట్టుకుని ఒక్కొక్కటీ తోమాలి, లేకపోతే మీద వేసిన రంగు పొరలు పొరలుగా ఊడొస్తుంది. దోసె మీద చిల్లుల్లా గాలిబుడగల గుంటలుంటాయి, వాటిని పుట్టీతో పూడ్చాలి. వంగిన కత్తిని వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక తిన్నగా చెయ్యాలి. గరుకు కాగితంతో తడిపి మరీ రుద్దాలి, మాస్కు తప్పనిసరి, ఎందుకంటే ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. కాలూ నడుమూ కలిసేచోట చిన్న కన్నం పెట్టి, ఇత్తడి తీగ దూర్చి, అప్పుడు జిగురు పెట్టాలి. ఆ తర్వాత ప్రైమర్, దాని మీద రంగులు. నాకు ఒక్కో రోబోకి మూడు నాలుగు నెలలు పడుతుంది.

పోయిన చలికాలం మా అత్తగారు వచ్చి మూడు నెలలున్నారు. బీరువా ముందు నిలబడి, "దీని పేరేంటే?" అని అడిగారు.

"గండం, అత్తయ్యా."

"శుభమా అని ఇంట్లో గండం తెచ్చి పెట్టుకున్నావా!"

వారం రోజులు ఫోన్‌లో బంధువులందరికీ ఇదే చెప్పి నవ్వుకున్నారు. ఓ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని నేను కీలుకి తీగ దూర్చడం చూస్తూ, "కొండపల్లి బొమ్మలూ ఇంతేగా" అన్నారు. నిజమే కదా అనిపించింది. వాళ్ళూ తెల్ల పొణికి కర్రతో చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత వేసి ఆ తర్వాతే రంగులు దిద్దుతారు. ఆవిడ ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టిన మనిషి. మెట్ల మీద ఏది ఎక్కడుండాలో ఆవిడ చెప్పాల్సిందే. ఆ కొలువుని ఏనాడూ ఎవరూ పిచ్చి అనలేదు.

నాకు మాత్రం ఆ మాట పడింది. ఓసారి 28,000 యెన్ల కిట్ కొన్నాను. మా వారు బిల్లు చూసి "దీనికా?" అన్నారు. గొడవేం పడలేదు కానీ ఆ 'దీనికా' రెండు రోజులు చెవిలోనే ఉండిపోయింది. ఆయన కెమెరా లెన్సుకి అంతకి నాలుగింతలు పెట్టారు. దాన్ని ఇంట్లో అందరం హాబీ అన్నాం. మూడోరోజు పిల్లాడు పడుకున్నాక కూర్చుని ఇదే మాట ఆయనతో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఇద్దరికీ నెలకి ఒకే మొత్తం పక్కన పెట్టుకోవాలనీ, దానికి ఎవరూ ఎవరినీ లెక్క అడగకూడదనీ అనుకున్నాం. మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది. ఇప్పటికీ ఆయనకి నా రోబోల పేర్లు తెలీవు. నాకు ఆయన లెన్సుల నంబర్లు తెలీవు.

ఆ రాత్రి ఆయన ఒక ప్రశ్న అడిగారు: "అసలు ఇందులో నీకేం దొరుకుతుంది?" నేను చెప్పిన జవాబే మీకూ చెబుతాను. ఇరవయ్యేళ్ళుగా నేను చేసే పని ఏదీ సాయంత్రానికి మిగలదు. వండింది అరగంటలో అయిపోతుంది. తుడిచింది మాసిపోతుంది. ఉతికి మడతపెట్టింది మళ్ళీ బుట్టలోకే వస్తుంది. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను, ఇల్లు నడిచేది దానిమీదే. కానీ నా చేత్తో పూర్తిచేసి, మర్నాడు లేచి చూస్తే నిన్న పెట్టినచోటే అలాగే నిలబడి ఉండేది ఏదో ఒకటి నాకు కావాలి. మన చేతులకి ఓపిక ఎలాగూ అలవాటే. కాకపోతే ఇక్కడ ఆ ఓపిక కంటికి కనపడుతుంది.

మీలో ఎవరికైనా మొదలుపెట్టాలనుంటే ముందు చిన్న ప్లాస్టిక్ కిట్ తెచ్చుకోండి. రెసిన్ సంగతి తర్వాత. పూర్తయిన బొమ్మని ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, రెసిన్ పసుపురంగుకి తిరుగుతుంది. ఎవరైనా "మీ బాబు కోసమా?" అని అడిగితే మొహమాటపడకుండా "నాదే" అనండి. మొదటిసారి కాస్త ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.