సోనాపూరు నుంచి సిరిసిల్లకు

దుబాయి నుంచి సెలవు మీద ఊరికి పోయేవాణ్ణి గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కరలేదు. శంషాబాదు విమానాశ్రయంలో సామాను తిరిగే బెల్టు దగ్గర కాసేపు నిలబడండి. చక్రాల సూటుకేసులు వచ్చినన్ని వచ్చి, వాటి వెనక నైలాను తాళ్లతో అడ్డంగా, నిలువుగా బిగించిన అట్టపెట్టెలు వస్తాయి. నాలుగు పక్కలా నల్ల సిరాతో పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, ఫోను నంబరు! కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల - మా పాత కరీంనగరం జిల్లా అంతా ఆ బెల్టు మీద గిరగిర తిరుగుతూ ఉంటుంది. ఆ పెట్టెను మేము కార్టన్ అంటాము.

కార్టన్ కట్టడం ఒక విద్య. ముప్పై కిలోలకు ఒక్క కిలో ఎక్కువైనా విమానం వాడు ఊరుకోడు. అందుకని గదిలో కొక్కెం త్రాసుకు వేలాడదీసి, పాలపొడి డబ్బా ఒకటి తీసి, ఖర్జూరం పొట్లం ఒకటి పెట్టి, మళ్లీ అదే తీసి, రాత్రి పన్నెండు దాకా సాగుతుంది తతంగం. టాంగు పొడి, బాదంపప్పు, టైగర్ బాము, సబ్బులు, అత్తరు, ఒక మందపాటి దుప్పటి. మే నెలలో జగిత్యాలలో నిప్పులు కురుస్తుంటే ఆ దుప్పటి ఎవరు కప్పుకుంటారని అడగకండి. అది కప్పుకోవడానికి కాదు, దండెం మీద వేయడానికి. ఇంత కష్టపడి కట్టిన పెట్టెలో సగం బరువు మనది కానే కాదు. పోయేవాడు ఒక్కడు, పొట్లాలిచ్చేవాళ్లు పదిమంది.

మా క్యాంపు సోనాపూరులో. సర్కారు కాగితాల్లో ఆ పేట పేరు ముహైస్నా. బంగారు ఊరు అని పేరు పెట్టినవాడెవడో గాని మంచి హాస్యప్రియుడు. గదికి ఎనిమిది మందిమి, మంచం మీద మంచం. తెల్లవారుజామున నాలుగింటికి స్నానానికి వరుస, తర్వాత పొయ్యికి వరుస, తర్వాత బస్సుకు వరుస. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడు వరకు ఎండలో పని చేయించరాదని అక్కడ చట్టం. ఆ రెండున్నర గంటల నిద్ర రుచి ఏ పట్టుపరుపు మీదా దొరకదు. దుబాయి గడియారం మన గడియారానికి గంటన్నర వెనక. క్యాంపుకు వచ్చి అన్నం తిని తొమ్మిదింటికి ఫోను పట్టుకుంటే ఇంటి దగ్గర పదిన్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆ గంటన్నరకే నేను లోలోపల ఎక్కువ తిట్టుకునేది.

మావైపు ముసలివాళ్లు బతుకుతెరువులు మూడంటారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. సింగరేణిలో దొరికినవాళ్లు అదృష్టవంతులు. సిరిసిల్ల నేతవాళ్లకు భీవండి పాత దారి. అక్కడి మరమగ్గాల మీద మనవాళ్లవి ఒకటి రెండు తరాలు గడిచిపోయాయి. 1973లో చమురు ధర పెరిగి ఎడారి దేశాల్లో మేడలు లేవడం మొదలైన తర్వాత కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్లు బొంబాయిలో ఆగకుండా సముద్రం దాటారు.

ఒక తమాషా చెబుతాను. ఒకప్పుడు దుబాయిలో చెల్లింది మన రూపాయే! 1959లో రిజర్వు బ్యాంకు వారు గల్ఫు కోసం వేరే రంగుల్లో, నంబరుకు ముందు జెడ్ అక్షరంతో, ప్రత్యేకంగా నోట్లు అచ్చువేయించారు. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేసరికి దుబాయి వారు దాన్ని వదులుకున్నారు. దిర్హము వచ్చింది 1973లో. ఇప్పుడు మనం నెల జీతం పట్టుకుని ఆ దిర్హమును రూపాయిలుగా హెచ్చవేసుకుంటూ కూర్చుంటాము.

ఇక అసలు సంగతికి వస్తాను. 2018 ఆగస్టులో నేను సెలవుకు బయలుదేరేనాడు ఒక సిరిసిల్ల మిత్రుడు పొట్లం పట్టుకుని వచ్చాడు. అతణ్ణి మేమంతా నేతన్న అని పిలిచేవాళ్లం. ఊళ్లో సాంచాలు నడిపినవాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. 2008లో అప్పు చేసి వీసా కొన్నాడు. ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప పైసా ఎక్కువ తీసుకోరాదని ఇప్పుడు నిబంధన ఉంది గాని, మా గదిలో ఎనిమిది మందిలో లక్షకు తక్కువ చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఇతనిదీ అదే కథ. అతను వచ్చిన మరుసటి ఏడే దుబాయిలో కట్టడాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కంపెనీ జీతాలు ఆపింది. పాసుపోర్టు వాళ్ల దగ్గర, అప్పు నెత్తిమీద, మిత్తి నూటికి మూడు రూపాయలు. ఒక రాత్రి క్యాంపు గోడ దాటాడు. అట్లా దాటినవాణ్ణి గల్ఫులో ఖల్లివల్లి అంటారు. షార్జాలో రోలా దగ్గర మంచం అద్దెకు తీసుకుని, దొరికిననాడు పని, దొరకనినాడు పస్తు. పోలీసు బండి కనబడితే సందు మార్చడం. అట్లా తొమ్మిదేళ్లు.

ఆ ఆగస్టు ఒకటిన అక్కడి ప్రభుత్వం క్షమాభిక్షను అమలులోకి తెచ్చింది. గడువు దాటి ఉన్నవాళ్లు జుల్మానా కట్టకుండా ఇంటికి పోవచ్చు. భారత కాన్సులేటులో ఔట్‌పాస్ తీసుకుని, అల్ అవీరు కేంద్రంలో ముద్ర వేయించుకుంటే చాలు. నేతన్న కదలడే!

"ఏం మొఖం పెట్టుకోని పోవాలె అన్నా? అప్పు సగం గూడ తీరలె. పదేండ్లకు పోయి, చేతులూపుకుంట బస్సు దిగాల్నా?" అన్నాడు.

నేను వాదించలేదు. పొట్లం కార్టన్‌లో పెట్టుకున్నాను. అందులో ఒక పాలిస్టరు చీర, రెండు టైగర్ బాము సీసాలు. చీర కొనేటప్పుడు పోగు లెక్కబెట్టి కొన్నాడట!

మా కోరుట్ల సంగతులు చెప్పి మిమ్మల్ని విసిగించను. చేరిన నాలుగోనాడు వేములవాడ పోయి, కోడె మొక్కు తీర్చి, అటునుంచి సిరిసిల్ల బస్సెక్కాను. ఊళ్లోకి అడుగుపెట్టకముందే సాంచాల చప్పుడు చెవిన పడుతుంది. దడదడమని ఇంటింటికీ అదే చప్పుడు. కాసేపటికి వినబడడం మానేస్తుంది. ఆమె వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నది.

"ఎవలు బిడ్డా?"

"దుబాయి నుంచి వచ్చిన అవ్వా. నీ కొడుకు పంపిండు."

చేతులు ఆగలేదు. చేతిలో ఉన్న తునికాకు చుట్టి, దారం వేసి, మూతి మడిచి, అప్పుడు లేచింది. మంచినీళ్లు తెచ్చింది. పొట్లం విప్పి చీరను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గీ గుడ్డ మన సాంచాల మీద గూడ అయితది గదా బిడ్డా. గింత దూరం నుంచి పంపుడెందుకు?" అన్నది.

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. ఎట్లున్నడు, సన్నవడ్డడా, తలెంట్రుకలు తెల్లబడ్డయా అని ఒకటొకటే అడిగింది. ఫోనులో మొఖం కనబడుతుంది గదా అవ్వా అన్నాను. "ఫోన్ల మొఖమే కనబడతది బిడ్డా. చేతులు చూపియ్యడు" అన్నది.

అతని అరచేతులు నాకు తెలుసు. సిమెంటు తిని, పగిలి, గోళ్ల చివర్లు అరిగిపోయిన చేతులు. బాగనే ఉన్నడు అవ్వా అని చెప్పాను. ఆమె నమ్మినట్టు తల ఊపింది. క్షమాభిక్ష సంగతి కూడా చెప్పాను. జైలు లేదు, జుల్మానా లేదు, విమానం టికెట్టు మాత్రం మనమే కొనుక్కోవాలి అన్నాను. సిగ్గుపడి ఆగిండని కూడా చెప్పేశాను. అది చెప్పమని అతను నాతో అనలేదు, వద్దనీ అనలేదు.

ఆమె లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో చిన్న మూట. ఆరువేల రూపాయలు, ఎక్కువ భాగం వంద నోట్లు, కొన్ని యాభైలు. వెయ్యి బీడీలు చుట్టాలంటే రెండు పూటలు నడుము వంచాలి. ఆ మూటలో ఎన్ని వేల బీడీలున్నాయో లెక్క వేయాలని నాకు అనిపించలేదు.

"టికెట్టుకు ఇయ్యి. సామాను ఏమద్దను. పెట్టె అసలే వద్దను. మనిషి వస్తె సాలు."

సెప్టెంబరులో నేను తిరిగిపోయి మూట అతని చేతిలో పెట్టాను. లెక్కపెట్టలేదు, విప్పలేదు కూడా. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. మరుసటి వారమే పొద్దున్నే కాన్సులేటు వరుసలో నిలబడ్డాడని తెలిసింది. టికెట్టుకు గదిలో అందరం తలా ఇంత వేసుకున్నాము. ఆ రూపాయి నోట్లను మారకం దుకాణానికి పోనివ్వలేదు నేతన్న. ఉన్నవి ఉన్నట్టుగా చొక్కా లోపలి జేబులో పెట్టి కుట్టుకున్నాడు. కుట్టు మాత్రం చూడాలి, నేతవాడి చేయి!

నవంబరులో పోయాడు. చేతిసంచి ఒక్కటే.

సంక్రాంతి దాటిన తర్వాత ఒకరోజు ఫోను వచ్చింది. అప్పులవాళ్లు రెండు నెలలు ఆగారట, మూడో నెల వాకిట్లో కూర్చున్నారట. భీవండిలో ఒక సేటు దగ్గర సాంచాల పని కుదిరింది, రేపు బయలుదేరుతున్నాను అన్నాడు.

"అవ్వ ఏమన్నది?" అని అడిగాను.

"భీవండికి బస్సుంటది గదా అన్నది."