చంకనెక్కిన చిట్టి

కుక్కపిల్లను తెచ్చుకున్న ప్రతి ఇంటికీ మా మద్రాసు తొండియార్‌పేటలో ఒకే సలహా అందుతుంది: సూదులన్నీ పడేదాకా గడప దాటించొద్దు. మందుల షాపాయన అదే అంటాడు, పక్కింటి అత్తమ్మ అదే అంటుంది. ఇంతకుముందు ఒక పిల్లను పోగొట్టుకున్నవాళ్లయితే చేతులు పట్టుకుని మరీ చెబుతారు. ఆ మాటలో సగం అక్షరాలా నిజం. మిగతా సగం మాత్రం కుక్కపిల్ల బతుకును మెల్లమెల్లగా పాడుచేస్తుంది. మా చిట్టిని పెంచుతున్న ఈ రోజుల్లో ఆ రెండు సగాలనూ విడదీసి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు నిజమైన సగం. పార్వో అనే పేరు వింటేనే కుక్కల్ని పెంచేవాళ్ల గుండె ఝల్లుమంటుంది. 1978 ప్రాంతంలో ఆ వైరస్ ప్రపంచమంతటా ఒక్కసారిగా బయటపడింది. అంతకుముందు పశువైద్యులు ఎరగని జబ్బు అది. కొద్ది సంవత్సరాల్లోనే మనదాకా వచ్చింది. మన దేశంలో దాని గురించి తొలి నివేదికలు 1980ల మొదట్లో మద్రాసు పశువైద్యుల నుంచే వెలువడ్డాయి. 1903 నుంచీ పశువైద్య కళాశాల ఉన్న ఊరు కదా ఇది, ఇక్కడి కళ్లు ముందుగా పట్టుకున్నాయి. ఆ జబ్బు ఎలా మొదలవుతుందో చూసినవాళ్లు మరిచిపోరు. పొద్దున గంతులేసిన పిల్ల సాయంత్రానికి మూల చేరుతుంది, అన్నం ముట్టదు, కక్కుతుంది, తర్వాత నెత్తుటి విరేచనాలు. ఆ వాసన మరే జబ్బులోనూ ఉండదంటారు. వేళకు సెలైన్, వైద్యం అందకపోతే ఎక్కువ పిల్లలు దక్కవు.

ఈ వైరస్‌కు ప్రాణం గట్టిది. జబ్బుకుక్క మలంలో బయటికొచ్చి, నీడలో, తేమలో నెలల తరబడి నేలలోనే ఉండిపోతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు. మురికిని ముందు బాగా కడిగేసి, బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు అలాగే నిలవనిస్తే అప్పుడు చస్తుంది. మన చెప్పుల అడుగున ఎక్కి ఇంట్లోకి వస్తుంది. అందుకే పిల్ల ఉన్న ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే వదలాలి. ఇది మనకు కొత్తగా నేర్పాల్సిన పద్ధతేమీ కాదు.

మరి ఒక్క సూదితో ఎందుకు పోదు? ఇక్కడ ఒక చిక్కు ఉంది. తల్లి ముర్రుపాల నుంచి పిల్లకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం వేసిన టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గిపోతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు, ఒకే ఈతలో పుట్టినవాటికి కూడా. తల్లి రక్షణ తరిగి, టీకా రక్షణ ఇంకా నిలబడని రోజులు కొన్ని మధ్యలో ఉంటాయి. ప్రాణాపాయం ఆ రోజుల్లోనే. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోతారు. చివరి సూది ఎగ్గొట్టినవాళ్లు మొదటివన్నీ వేయించి కూడా నష్టపోవచ్చు.

మా పేటకు ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. అంటురోగాల ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న పేట మాది. రోగం ఉన్నచోటికి పసివాళ్లను పోనివ్వకూడదన్న తెలివిడి మా పెద్దలకు కలరా రోజుల నుంచీ ఉంది. ఆ తెలివిడినే కుక్కపిల్లకూ వర్తింపజేసి, నాలుగు నెలలు నాలుగు గోడల మధ్య ఉంచేస్తున్నారు. రెండో సగం ఇక్కడే మొదలవుతుంది.

కుక్కపిల్ల మెదడుకు ఒక గడువు ఉంది. మూడో వారం నుంచి పన్నెండు, పధ్నాలుగు వారాల దాకా అది కొత్తదాన్ని చూస్తే ముందుకు పోతుంది, వాసన చూస్తుంది, ఇదీ నా లోకంలోదే అని రాసుకుంటుంది. ఆ గడువు దాటాక కొత్తది కనబడితే మొదట పుట్టేది భయం. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊరి దగ్గర చేసిన ఒక పరిశోధన 1961లో అచ్చయింది. కుక్కపిల్లల్ని తల్లులతో కలిపి పెద్ద కంచెల లోపల, మనిషి మచ్చిక లేకుండా పెంచారు. ఒక్కో గుంపును ఒక్కో వయసులో వారం పాటు మనుషుల దగ్గర ఉంచి మళ్లీ లోపలికి పంపారు. పధ్నాలుగు వారాల దాకా అలాంటి ఒక్క వారం కూడా దొరకని పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి. తర్వాత ఎంత బుజ్జగించినా దగ్గరికి రాలేదు, మెడకు తాడు కడితే నడవలేదు. అది చదివినప్పుడు నాకు మా వీధిలో మెట్ల కింద కట్టేసి ఉన్న కుక్కలే గుర్తొచ్చాయి.

లెక్క చూడండి. సూదులు పూర్తయ్యేది పదహారో వారానికి. మనసు తలుపులు మూసుకునేది పన్నెండు, పధ్నాలుగు వారాలకు. సూదులయ్యాక లోకం చూపిద్దామనుకుంటే చూపించే వేళ అప్పటికే దాటిపోయి ఉంటుంది.

దారి ఒకటుంది, ఖర్చు లేనిది. వైరస్ ఉండేది నేల మీద, కుక్కల మలంలో, ఆ మలం అంటినవాటిలో. లోకం ఉండేది కంటికీ చెవికీ ముక్కుకూ. కాబట్టి పిల్ల కాలు నేలకు తగలనివ్వకుండా లోకాన్ని చూపించాలి. పసిపిల్లను చంకనేసుకుని వీధి చూపించి అన్నం తినిపించే అమ్మలు చేసేదే ఇది. పాత నూలుచీర మడత ఒకటి భుజాన వేసుకుని, అందులో చిట్టిని కూర్చోబెట్టుకుని నేను రోజూ తిరువొత్తియూర్ హైరోడ్డు దాకా వెళ్తున్నాను.

ఆ రోడ్డు కుక్కపిల్లకు పెద్ద బడి. హార్బరుకు పోయే కంటైనర్ లారీలు బ్రేకు వేసినప్పుడు బుస్సుమని గాలి వదులుతాయి. టోల్‌గేట్ వైపు వెళ్తే 2021లో వచ్చిన మెట్రో తల మీదుగా పోతుంది. తోపుడుబండి మీద ఇనుపపెనం టంగుటంగుమని మోగుతుంది. హెల్మెట్ తియ్యని మనిషి, గొడుగు విప్పిన మనిషి, కర్ర పట్టుకున్న తాతయ్య, బుర్ఖాలో ఉన్న అక్క, కాసిమేడు నుంచి చేపల తట్టతో వచ్చే ఆమె. కుక్కకు వీళ్లంతా వేరు వేరు జాతుల జీవాలు. ఇంట్లో నలుగురినే చూసి పెరిగితే, ఐదో మనిషి ఎప్పటికీ దొంగే.

మా వీధి ఊడ్చే కార్పొరేషన్ అక్క తెలుగామె. ఈ ఉత్తర మద్రాసులో చీపురు పట్టిన చేతుల్లో తెలుగువాళ్లవి చాలా ఉన్నాయి. మొదటిసారి చిట్టిని చూసి, “ఏం నైనా, కింద దించవా దాన్ని?” అంది. “సూదులు కాలేదక్కా” అన్నాను. ముద్దు చేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. “చెత్త ముట్టిన చెయ్యి, వద్దులే” అని, కాస్త ఎడంగా జరిగి, చీపురును నేలకు మెత్తగా రెండుసార్లు రాసింది. చిట్టి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒంట్లో వణుకు నా పొట్టకు తగిలింది. ఉడికించిన కోడిముక్క గోరంత దాని నోటికి అందించాను. ఆమె మళ్లీ చీపురు ఆడించింది, నేను మళ్లీ ముక్క పెట్టాను. కాసేపటికి చిట్టి చీపురును వదిలేసి నా వేళ్ల వైపు చూడడం మొదలుపెట్టింది. చీపురును చూసి, మెరిసే జాకెట్‌ను చూసి మొరిగే కుక్కలు మా చుట్టుపక్కల ఎన్నో. ఆ అక్క ఒక్కతే, పుస్తకం చదవకుండా, ఒక కుక్కకు ఆ భయం రాకుండా చేసింది.

ఇందులో కిటుకంతా దూరంలో ఉంది. తోక కాళ్ల మధ్యకు పోయినా, నిద్ర రాకుండానే ఆవలించినా, మూతి పదే పదే నాక్కున్నా, ఇష్టమైన ముక్కను తిననన్నా, అది చాలంటోందని అర్థం. వెంటనే నాలుగడుగులు వెనక్కి వేయాలి. “అలవాటవుతుందిలే” అని సావుమేళం డప్పుల మధ్యకు, టపాసుల మధ్యకు తీసుకెళ్తే ఆ భయం జీవితాంతం గుండెలో దిగబడిపోతుంది. డప్పులు నాలుగు వీధుల అవతల మోగుతుండగా మేడ మీద నిలబడి అన్నం పెట్టండి. దీపావళి శబ్దాలను వారాల ముందే ఫోన్‌లో సన్నగా పెట్టి, తినే వేళ వినిపించండి. ఇంటికొచ్చే చిన్నపిల్లలు ఒకరొకరుగా, చేతులు కడుక్కుని, కింద కూర్చుని పలకరించాలి. ఎత్తుకుని పరుగెత్తడాలు వద్దు.

మేడ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వీధికుక్కలు ఎక్కని మేడను కడిగి, ఒక గోనెపట్టా, ఒక స్టీలు పళ్లెం, బోర్లించిన బకెట్ పెడితే చాలు, పాదాలకు కావలసిన చదువు అక్కడ దొరుకుతుంది. పక్కింట్లో టీకాలన్నీ పడిన, నిమ్మళమైన పెద్దకుక్క ఉంటే ఆ మేడ మీదికే పిలవండి. పళ్లు ఎంతవరకు ఆనించాలో మనుషులు నేర్పలేని పాఠం అది నేర్పుతుంది. వీధికుక్కల దగ్గర మాత్రం దించొద్దు, వాటి మీద ఎంత ప్రేమ ఉన్నా సరే. చెవి చివర కత్తిరింపు ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు. ఈ ఊళ్లో 1996 నుంచీ ఆ పని నడుస్తోంది. కానీ దాని ఒంట్లో ఏ వైరస్ ఉందో చెవి చెప్పదు. పైగా పిల్లకు రేబీస్ టీకా పడేదే మూడు నెలలు నిండాక. వానాకాలం ఇంకో జాగ్రత్త: మా వీధుల్లో నిలిచే నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, దానితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఆ నీళ్లు పిల్ల కాలికీ నోటికీ తగలకూడదు. డాక్టరు దగ్గర వరుసలో ఉన్నప్పుడు కూడా ఒళ్లోనే ఉంచుకోండి. జబ్బుకుక్కలన్నీ నడిచిన నేల అది.

ఇదంతా నా ఊహ కాదు. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే తేల్చి చెప్పింది: మొదటి టీకా వేసి, నులిపురుగుల మందు పట్టి, వారం గడిస్తే ఏడెనిమిది వారాల పిల్లల్ని కూడా శుభ్రమైన చోట శిక్షణ తరగతులకు తీసుకెళ్లవచ్చని. 2013లో అక్కడి నాలుగు నగరాల్లో వెయ్యికి పైగా పిల్లల్ని గమనించిన అధ్యయనంలో, టీకాలు మొదలై అలాంటి తరగతులకు వెళ్లిన ఒక్క పిల్లకూ పార్వో అనుమానం రాలేదు. మూడేళ్లలోపు కుక్కల చావులకు అంటురోగాలకంటే ప్రవర్తన సమస్యలే పెద్ద కారణమని కూడా ఆ సంఘం అంది. టీకాలు లేని కుక్కలు వీధివీధినా తిరిగే మన ఊళ్లకు ఆ తరగతుల సలహా ఉన్నదున్నట్టు పనికిరాదు. అందుకే నేల దగ్గర నేను రాజీపడను. అయితే భయంతో పెరిగిన కుక్క గతి ఇక్కడా అదే. వచ్చినవాళ్లందరినీ చూసి మొరుగుతుంది, ఒకరోజు ఎవరినో కరుస్తుంది. తర్వాత మెట్ల కింద గొలుసు, కాదంటే ఒక రాత్రి ఆటోలో ఎక్కించి ఎక్కడో వదిలేయడం.

మీ ఇంటికి ఈ నెల కుక్కపిల్ల వస్తోందా? మొదటి సూదికి వెళ్లిన రోజే డాక్టరుగారిని అడగండి, చంకనెత్తుకుని బయట తిప్పవచ్చా అని. సరేనంటే మర్నాడే మొదలుపెట్టండి. రోజుకు పది నిమిషాలు, జేబులో నాలుగు కోడిముక్కలు చాలు. సూదులన్నీ వేళకు వేయించండి. అప్పటిదాకా కాలు మాత్రం వీధి నేలకు తగలనివ్వకండి. లోకం చూపించడానికి మాత్రం పదహారో వారం దాకా ఆగకండి.