ఇంజను ఆగితే...

మా నాయనమ్మకు హెలికాప్టరంటే దేవుడి వాహనం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకొన్న తర్వాత, మిగిలినవాళ్ళకు పైనుంచి అన్నం పొట్లాలు జారవిడిచింది అదే గదా! "కాగితం విప్పే ఓపిక కూడా లేదురా, దాంతోపాటే నమలబోయాను" అని ఇప్పటికీ చెబుతుంది.

అందుకే రెండేళ్ళ క్రితం తాతయ్య పోయినప్పుడు ఆవిడ ఏడుపులో హెలికాప్టరు మాట వచ్చింది. తాతయ్య ఎదురుమొండిలో మా మేనత్త ఇంట్లో ఉండగా రాత్రివేళ గుండెనొప్పి వచ్చింది. మధ్యలో కృష్ణ పాయ. ఆ వేళప్పుడు పంటు లేదు. ఎవరినో లేపి చేపల పడవ తీయించి దాటించేసరికి 108 బండి ఇవతలి ఒడ్డున లైటు వేసుకొని నిలబడే ఉంది. ఎక్కించవలసిన మనిషే లేడు.

"మంత్రులకొస్తుంది, మనకు రాదా ఆ హెలికాప్టరు?" అంది నాయనమ్మ. ఫిజిక్సు చదివేవాణ్ణని నావైపే చూసింది. నేను మాట్లాడలేకపోయాను.

బందరు హాస్టలుకు తిరిగొచ్చాక ఆ ప్రశ్న పట్టుకొని చదవడం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళకొచ్చినవి మాత్రం అన్నీ చేరాయా? 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు భీమవరంలో ఎక్కిన హెలికాప్టరు కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. గుడివాడలో ఉండే మా మేనమామ మోపెడ్డు మీద చూడబోయాడట. దాన్ని గూర్చి అడిగితే ఈనాటికీ మాట మారుస్తాడు. రోగుల కోసం తిరిగేవీ కూలతాయి. 2025 మే 17న ఋషికేశ్ ఎయిమ్స్ వారి హెలికాప్టరు అంబులెన్సు కేదారనాథ్‌లో దిగబోతూ తోక విరగ్గొట్టుకొంది. అదృష్టవశాత్తూ లోపలున్న ముగ్గురూ బతికారు.

నాకు నిద్రపట్టకుండా చేసింది మాత్రం అమెరికాలో 2011 ఆగస్టు 26న జరిగినది. మిస్సోరి రాష్ట్రంలో ఒక రోగిని తీసుకుపోవడానికి బెతనీ ఊరి ఆస్పత్రి దగ్గర దిగినప్పుడే, ఇంధనం తాను అనుకొన్నదానికంటే తక్కువుందని పైలటుకు తెలిసింది. దారిలో మోస్బీ విమానాశ్రయంలో నింపుకోవచ్చని ఎగిరాడు. ఇంకొక మైలు ఉందనగా ఇంజను ఆగిపోయింది. పైలటు, నర్సు, పారామెడిక్, రోగి నలుగురూ పోయారు.

ఇంజను ఆగితే రాయిలాగా పడిపోతుందనే నేనూ అనుకొనేవాణ్ణి. కాదు. చిన్నప్పుడు తాటాకు ముక్కలకు తుమ్మముల్లు గుచ్చి చేలగట్ల మీద పరుగెత్తేవాళ్ళం, గుర్తుందా? దానికి ఇంజనెక్కడిది, ఎదురుగాలే తిప్పేది. హెలికాప్టరు దిగుతుంటే కిందినుంచి తగిలే గాలి పై రెక్కలను అలాగే తిప్పుతుంది. ఆ తిరుగుడులో ఉన్న శక్తిని నేల దగ్గరకొచ్చాక వాడుకొని మెల్లగా దిగవచ్చు. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. అయితే ఇంజను ఆగిన ఒకటి రెండు సెకన్లలోనే మీట దించి రెక్కల వాలు తగ్గించాలి. వేగంగా పోతుంటే ముక్కు కూడా పైకెత్తాలి. ఆలస్యమైతే రెక్కల వేగం చచ్చిపోతుంది. మోస్బీలో అదే జరిగింది. ఆ వేగంలో అలా చేసే శిక్షణ చాలలేదనీ, బయల్దేరే ముందు ఇంధనం సరిగా చూడలేదనీ, డ్యూటీలో ఫోను మెసేజీల మీద ధ్యాస పోయిందనీ విచారణలో తేల్చారు.

సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఇదంతా ఇంట్లో చెప్పాను. మా నాన్న ఆయిలింజను తిప్పే ముందు ఎప్పుడూ ట్యాంకులో పుల్ల ముంచి చూస్తాడు. ఒకసారి మా నీళ్ళవంతు రాత్రి డీజిలైపోయి, పైపులో గాలి పట్టి, తెల్లారేదాకా ఇంజను కదలక వంతు కాస్తా పోయింది. అప్పట్నుంచీ ఆ అలవాటు. "అంత చదివినోడు పుల్ల పెట్టి చూడలేదా?" అన్నాడు. చూశాడు నాన్నా, చూసి కూడా ఎగిరాడు. రోగి ఎదురుచూస్తుంటే ఆగుదామనే మాట నోటికి రాదు గాబోలు. తాతయ్య పడవలో ఉన్న రాత్రి ఎవరైనా ఆగమంటే నేను వినేవాణ్ణా?

నన్నడిగితే ఎదురుమొండి రేవులో ముందు రాత్రిపూట పంటు ఉండాలంటాను. హెలికాప్టరు ఆ తర్వాత. ఆ మాటే నాయనమ్మతో అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"డీజిలు చూసుకొనే రమ్మనరా. రావొద్దని మాత్రం చెప్పమాక" అంది.