స్కూటర్‌కి చెయిన్ ఉంటుందా?

కొత్త బండి కొన్న సంబరం ఎన్నాళ్లుంటుంది? హెడ్‌లైట్ మీద పెట్టిన పసుపు బొట్టు చెరిగిపోయేదాకా అంటారు కొందరు. నా లెక్కలో అయితే మొదటి సర్వీసు దాకానే!

మొన్న దసరాకి అమ్మకి స్కూటర్ కొన్నాం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది గుర్తుందిగా? 350 సీసీ దాకా బండ్లకి 28 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. సరిగ్గా ఆ రోజే శరన్నవరాత్రులు మొదలు. బెజవాడలో ఇంద్రకీలాద్రి మీద ఎంత రద్దీ ఉందో, షోరూముల ముందు కూడా అంతే. తెలిసినవాళ్లలో సగం మంది ఆ వారంలోనే బుక్ చేశారు. మేమూ వాళ్లలో ఉన్నాం.

అమ్మ ఉయ్యూరు దగ్గర ఓ చిన్న ఊళ్లో ప్రభుత్వ బడి టీచర్. మా ఇల్లు కంకిపాడులో. పద్దెనిమిదేళ్లుగా బస్సు, షేర్ ఆటో, చివర్లో ఓ కిలోమీటరున్నర నడక. ఆ నడక కాలవ గట్టు మీద. డెల్టా వాళ్లకి కాలవ గట్టు రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. ఒక పక్క పొలం, ఇంకో పక్క నీళ్లు, మధ్యలో రెండు బండ్లు కష్టంగా తప్పుకునే దారి. చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు. వరి కోతలప్పుడు ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చిందంటే బండి గట్టు అంచుకి తీసి ఆపాల్సిందే. అంటే బ్రేకు పడాల్సిందే.

అందుకే మైలేజీ, రంగు, మొబైల్ చార్జర్ సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. నేను చూసింది బ్రేకులే. 125 సీసీ దాకా బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి కాంబి బ్రేకు తప్పనిసరి. ఎడమ చేతి లివర్ నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందుది కూడా కొంత పడుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి ఇది చాలా మేలు. 

నెల తిరిగేసరికి ఆ ఎడమ లివరే వదులైంది.

కొత్త బండికి ఇది మామూలే. వెనక డ్రమ్ముకి బ్రేకు షూలు సర్దుకునే కొద్దీ, కేబుల్ సాగే కొద్దీ లివర్ లోపలికి వెళ్తుంటుంది. మొదటి సర్వీసులో బ్రేకు అడ్జస్ట్‌మెంట్ పెట్టింది అందుకే. మా బండి పుస్తకంలో లివర్ ఖాళీ కదలిక 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలని రాసుంది. అమ్మ బడి సంచీలోంచి స్కేలు తీసి కొలిచా. 35 వచ్చింది. ఫొటో తీసి పెట్టుకున్నా. ఇంజినీరింగ్ చదివిన కొడుకు ఇంట్లో ఉంటే ఇలాంటి పనులు జరుగుతాయి మరి!

సర్వీసు డే

అక్టోబరు చివర్లో తీసుకెళ్దామనుకుంటే మొంథా తుపాను. ఓ వారం ఆగి యాప్‌లో స్లాట్ బుక్ చేశా. శనివారం, ఉదయం 10 గంటలు. పది కిలోమీటర్లు పైన బండి నడుపుకుంటూ బెజవాడ వెళ్తే కౌంటర్ దగ్గర మొదటి మాట:

"యాప్‌లో బుకింగ్ మాకు కనిపించదు సార్. టోకెన్ తీసుకోండి."

నా టోకెన్ 31. పన్నెండున్నరకి సర్వీసు అడ్వైజర్ పిలిచాడు. తెల్ల చొక్కా, మెడలో ట్యాగ్, చేతిలో ట్యాబ్. బ్రేకు సంగతి చెప్పా. స్కేలు ఫొటో చూపించా. కాలవ గట్టు గురించి కూడా చెప్పా. అన్నిటికీ తలూపాడు. వేళ్లు మాత్రం ట్యాబ్ మీద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. 

"ఓకే సార్. అన్నీ చెక్ చేస్తారు. సాయంత్రం 5కి రండి."

"ఓసారి మెకానిక్‌తో మాట్లాడొచ్చా?"

"లోపలికి కస్టమర్లకి పర్మిషన్ లేదు సార్. సేఫ్టీ."

నా సేఫ్టీ గురించే నేనూ మాట్లాడుతున్నా, కానీ ఆయన అప్పటికే 32 అని పిలిచేశాడు.

సాయంత్రం 6 అయింది బండి బయటికొచ్చేసరికి. కడిగి, తుడిచి, టైర్లకి నల్లగా మెరుపు రాసి, చూడ్డానికి షోరూములో ఉన్నట్టే ఉంది. బిల్లు 832 రూపాయలు. ఫ్రీ సర్వీసు అంటే లేబర్ మాత్రమే ఫ్రీ అని నాకు తెలుసు. ఆయిల్‌కి మనమే కట్టాలి. అది 410. సరే. కన్సూమబుల్స్ 60. అవేంటో చెప్పలేదు. పాలిష్ 150. ఎవరూ అడగలేదు. ఆ కింద ఇంకో లైను:

చెయిన్ లూబ్ – 85.

రెండుసార్లు చదివా. స్కూటర్‌కి చెయిన్ ఉండదు. ఇంజిన్ నుంచి వెనక చక్రానికి శక్తి వెళ్లేది బెల్టు ద్వారా. ఆ బెల్టు కూడా మూత లోపల ఉంటుంది, దానికి ఆయిల్ తగిలితే జారుతుంది. లేని చెయిన్‌కి 85 రూపాయల నూనె ఎక్కడ పోశారు?

అడిగితే అడ్వైజర్ కాస్త కూడా తడబడలేదు. "సిస్టమ్‌లో ప్యాకేజీలా వచ్చేస్తుంది సార్. ఇప్పుడు తీయడం కుదరదు. బిల్లు జనరేట్ అయిపోయింది."

సిస్టమ్‌లో వచ్చేస్తుంది! నేను రోజూ చేసేది సాఫ్ట్‌వేర్ పనే. సిస్టమ్‌లోకి ఏదీ దానంతటది రాదు. ఎవరో ఒకరు బైకులకీ, స్కూటర్లకీ కలిపి ఒకటే టెంప్లేట్ పెట్టుంటారు. రోజుకి ఎన్ని స్కూటర్లు వస్తాయో, నెలకి ఎన్ని 85లో మీరే లెక్క వేసుకోండి.

బిల్లు మీద "చెయిన్ లూబ్‌కి అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను" అని రాసి, సంతకం చేసి, ఫొటో తీసుకుని కట్టా. 

అసలు సంగతి ఇంకా ఉంది. జాబ్ కార్డులో చెకింగ్ లిస్టు అంతటికీ పై నుంచి కింద దాకా ఒకటే గీత. బ్రేకులు: ఓకే. రోడ్ టెస్ట్: ఓకే. బండి ఇచ్చేటప్పుడు మీటర్ 812. తీసుకునేటప్పుడూ 812. కిలోమీటర్ కూడా కదలకుండా రోడ్ టెస్ట్ ఎలా అవుతుందో! లివర్ నొక్కి చూశా. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

అడ్వైజర్ కోసం చూస్తే డ్యూటీ అయిపోయి వెళ్లిపోయాడు. వర్క్‌షాప్ షట్టర్ సగం దింపేశారు. "సోమవారం రండి సార్" అన్నాడు సెక్యూరిటీ ఆయన. ఆ మాట ఒక్కటే ఆ రోజు నేను విన్న నిజం. 

సోమవారం ఉదయం

సోమవారం బండి ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్లమ్మా అన్నాను. "సర్వీసు చేశారుగా, ఇంకేంటి?" అంటూ బయల్దేరింది. ముప్పావు గంటకి ఫోన్.

"ఒరేయ్, బండి ఆగట్లేదురా."

గట్టు మీద ట్రాక్టర్ ఎదురొచ్చిందట. పక్కకి తీసి బ్రేకు నొక్కితే లివర్ గ్రిప్పుకి ఆనింది, బండి మాత్రం ముందుకి పోతూనే ఉంది. రెండు కాళ్లూ నేలకి రాసి, కుడి బ్రేకు కూడా పట్టి ఆపింది. చెప్పు తెగింది. ఇంకేం కాలేదు. నీళ్లకీ చక్రానికీ మధ్య ఎంత దూరం ఉందని నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఆఫీసుకి సెలవు పెట్టి, ఆ ఊరెళ్లి, బండిని నెమ్మదిగా నేనే బెజవాడ తోలుకొచ్చా. కౌంటర్‌లో కొత్త సమాధానం రెడీగా ఉంది. "ఫస్ట్ ఫ్రీ సర్వీసు క్లోజ్ అయిపోయింది సార్. ఇప్పుడు చూడాలంటే జనరల్ చెకప్ కింద లేబర్ పడుతుంది."

అప్పుడు మూడు ఫొటోలు వరసగా పెట్టా. స్కేలు మీద 35. మీటర్ 812. మళ్లీ మీటర్ 812. గొంతు పెంచలేదు. మేనేజర్‌ని పిలవమన్నా. ఆయన ఫొటోలు చూసి, ఓ నిమిషం ఏం మాట్లాడకుండా, లోపలికి రమ్మన్నాడు. సేఫ్టీ రూలు ఆ రోజు అడ్డం రాలేదు.

శనివారం మా బండి చూసిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఐటీఐ చేశాడట. లివర్ ఒక్కసారి నొక్కాడు, అంతే, ముఖం మారిపోయింది. 

"సార్, నిజంగా నాకు తెలీదు. నాకొచ్చిన కార్డులో బ్రేకు సంగతే లేదు."

చూపించాడు. కస్టమర్ కంప్లయింట్ అన్న చోట రెండు మాటలు: జనరల్ చెకప్. నేను చెప్పిన లివర్, చూపించిన స్కేలు, కాలవ గట్టు, అన్నీ కలిపి ఆ రెండు మాటలయ్యాయి.

"మరి రోడ్ టెస్ట్ తమ్ముడూ?"

"దసరాకి కొన్న బండ్లన్నీ ఒకేసారి ఫస్ట్ సర్వీసుకి వచ్చి పడ్డాయి సార్. శనివారం నేనొక్కడినే పదిహేడు బండ్లు చూశా. ఆయిల్ మార్చి పంపేయమన్నారు."

వెనక చక్రం దగ్గర కూర్చుని, కేబుల్ చివరి నట్టు బిగించి, చక్రం తిప్పి చూసి, ముందు బ్రేకు కూడా సరిచూసి, బండి బయటికి తీసి ఓ రౌండు వేసొచ్చాడు. మొత్తం పది నిమిషాలు. స్కేలు పెట్టి కొలిస్తే 15. లేబర్ అడగలేదు.

టికెట్ క్లోజ్ అయితే పని అయినట్టేనా?

మా ఫీల్డులో ఉన్నవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. కస్టమర్ ఒకటి చెప్తాడు, మధ్యలో ఉన్నాయన దాన్ని రెండు మాటల్లో టికెట్ చేస్తాడు, పని చేసేవాడికి ఆ రెండు మాటలే వెళ్తాయి. స్టేటస్ రిజాల్వ్‌డ్. డాష్‌బోర్డు అంతా పచ్చగా ఉంటుంది. కాకపోతే మా దగ్గర తేడా వస్తే ఎక్కువ సార్లు ఓ పేజీ లోడ్ అవదు. ఇక్కడ బండి కాలవలో పడుతుంది.

నాన్న పాత బండి ఆటోనగర్‌లో చేయించేవాడు. ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటని బెజవాడ వాళ్లం గొప్పగా చెప్పుకునే ఆటోనగరే. అక్కడ ఏసీ గది లేదు, టోకెన్ లేదు. నాన్న స్టూలు మీద కూర్చుని "ఇక్కడ శబ్దం వస్తోందయ్యా" అనేవాడు, మెకానిక్ రేజ్ చేసి వినేవాడు. మోసాలు అక్కడా ఉండొచ్చు. కానీ చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య ఎవరూ ఉండరు. కొత్త బండికి వారంటీ ఉంది కాబట్టి మనం షోరూముకి వెళ్తాం, వెళ్లాలి కూడా. కాబట్టి ఆ మధ్యలో మన మాట పోకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం. 

నాకు పనికొచ్చినవి, ఇప్పుడు ఫ్రెండ్స్ అందరికీ చెప్తున్నవి ఇవి: 

జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు కంప్లయింట్ అన్న చోట ఏం రాశారో చదవండి. "జనరల్ చెకప్" అని ఉంటే మార్పించండి. మీ మాటల్లోనే, కొలతతో సహా ఉండాలి. ఫొటో తీసుకోండి.

ఇచ్చేటప్పుడూ, తీసుకునేటప్పుడూ మీటర్ ఫొటో తీయండి. రోడ్ టెస్ట్ జరిగిందా లేదా అన్నది అదే చెప్తుంది.

ఎస్టిమేట్ ముందే అడగండి. ఒక్కో లైను చదివి, వద్దన్నది అప్పుడే తీయించండి. స్కూటర్ అయితే చెయిన్ ఉందేమో ప్రత్యేకంగా చూడండి!

బండి నడిపి చూశాకే డబ్బు కట్టండి, ఓటీపీ చెప్పండి. వీలైతే షట్టర్ దింపే టైముకి కాకుండా ముందే వెళ్లండి.

అయినా కుదరకపోతే ఫొటోలన్నీ పెట్టి కంపెనీకి మెయిల్ చేయండి. తర్వాత 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు, షోరూము ఏ ఊళ్లో ఉన్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఆన్‌లైన్లో వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

మా కథలో మిగిలింది ఫీడ్‌బ్యాక్ కాల్. బుధవారం ఒకమ్మాయి ఫోన్ చేసి, "సార్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పదికి పది చెప్పండి ప్లీజ్, తగ్గితే మా ఇన్సెంటివ్ పోతుంది" అంది. కంపెనీ వాళ్లు చేసినప్పుడు మెకానిక్‌కి పది ఇచ్చా. సర్వీసు సెంటర్‌కి రెండు. ఎందుకని అడిగారు. జనరల్ చెకప్ నుంచి చెయిన్ లూబ్ దాకా మొత్తం చెప్పా. అవతలి ఆయన అంతా విని, "కంప్లయింట్ నోట్ చేసుకున్నాం సార్" అన్నాడు.

"ఏమని రాశారో ఓసారి చదువుతారా?" అన్నాను. 

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. అప్పుడు రాయడం మొదలుపెట్టినట్టున్నాడు.

అమ్మ ఇప్పుడు బడికి బండి మీదే వెళ్తోంది. బయల్దేరే ముందు ఓసారి ఎడమ లివర్ నొక్కి చూసుకుంటుంది. లేని చెయిన్‌కి కట్టిన 85 రూపాయలు, పన్నుతో కలిపి 100 రూపాయల 30 పైసలు, ఇంకా వెనక్కి రాలేదు. మూడో మెయిల్ నిన్ననే పంపా.