కువైట్ దగ్గరే, రాజోలే దూరం

హైదరాబాద్ నుంచి కువైట్‌కి ఎంత దూరమో ఫోన్‌లో కొట్టి చూడండి. గాలిదారిలో సుమారు 3,370 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని ఫ్లైట్ అయితే నాలుగున్నర గంటలు, అటూ ఇటూగా. మా రాజోలు నుంచి శంషాబాద్ చేరడానికి మాత్రం బస్సులో రాత్రంతా పడుతుంది. అంటే మా అమ్మకి కువైట్ కన్నా హైదరాబాదే దూరం!

కోనసీమలో కువైట్‌ని పక్క ఊరి పేరులా వాడేస్తారు. "మీ అమ్మేదిరా?" "కువైట్లో." అంతే, ఇంకేం అడగరు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం రూలు. అమ్మ 31కి ఖద్దామా వీసా మీద వెళ్లింది. నేనప్పుడు రెండో తరగతి.

అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అందుకే పొద్దున 9కి ఇక్కడ ఎక్కితే, అక్కడి టైమ్ ప్రకారం 11కే దిగినట్టు టికెట్‌లో ఉంటుంది. వచ్చేటప్పుడేమో రాత్రి 9కి ఎక్కితే తెల్లవారుజామున 4. అమ్మమ్మ ఇది విని, "పోడానికి రెండు గంటలూ, రాడానికి ఏడు గంటలూనా? బానే పెట్టారు" అంది. అమ్మ పని ముగిసేసరికి అక్కడ రాత్రి 10, ఇక్కడ పన్నెండున్నర. చాలా ఫోన్లకి నేను నిద్రలోనే ఊఁ కొట్టాను.

ఇంటర్ రెండో ఏడాదిలో తాతయ్య పోయారు. పది నిమిషాల్లో అమ్మకి తెలిసింది. రావడానికి ఐదు రోజులు పట్టింది. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరుంది, ఆయన ఊళ్లో లేడు. వచ్చాక సెలవు ఇవ్వడానికి ఒకరోజు, టికెట్ దొరకడానికి ఇంకోరోజు. తండ్రిని సాగనంపడం అమ్మ వీడియో కాల్‌లో చూసింది. గోదారి గట్టు మీద సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ ఆగిపోతుంటే, మామయ్య ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. దూరాన్ని గంటల్లో కొలిచే వాళ్లమీద నాకు అప్పట్నుంచీ కోపం. గంటలు విమానానివి, రోజులు మనుషులవి.

చించినాడ వంతెన దాటి దిండిలోకి రాగానే బస్సులో ఏడుపు మొదలెట్టిందట. అప్పటిదాకా చుక్క నీళ్లు పెట్టలేదని పక్కసీటావిడ చెప్పింది.

నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. డిసెంబర్‌లో అమ్మ వస్తోంది. ఈసారి శంషాబాద్ నుంచి రాజమండ్రికి, అంటే మధురపూడికి, విడిగా ఫ్లైట్ టికెట్ తీశాను. 360 కిలోమీటర్లు, గంటలో దిగిపోతుంది. అక్కడ్నుంచి రావులపాలెం మీదుగా కారు. రేటు చెప్పలేదు, చెప్తే క్యాన్సిల్ చేయమంటుంది.

అమ్మ అడిగింది ఒకటే: "సామాను ఎన్ని కేజీలురా?"

పదిహేనన్నాను. కువైట్ నుంచి ముప్పై తెస్తోంది. కంబళ్లు, పాలపొడి డబ్బాలు, అమ్మమ్మకి మసాజ్ మెషిన్. కాసేపు లెక్కలేసుకుని, "అయితే బస్సులోనే వస్తాలే" అంది.

కుదరదన్నాను. అమ్మ విమానంలో వెళ్తుంది. కంబళ్లతో నేను రాత్రి బస్సెక్కుతా.